మంచు దారులు మూసేసిన నాలుగు రోజుల్లో అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్

నాలుగు రోజుల పాటు మంచు కురిసి, వాకిలి తలుపు తీస్తే మోకాలి లోతున పేరుకున్న తెలుపు తప్ప దారి అన్నదే కనిపించని స్థితిలో, మా ఇంట్లో నలుగురి కడుపు నింపిన వస్తువు గురించి రాస్తున్నాను. అది అయిదు లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు ప్రెషర్ కుక్కర్. పొయ్యి మీద పెట్టుకునే పాత పద్ధతిదే గాని కరెంటుతో నడిచేది కాదు. కొని రెండేళ్లు దాటింది. అయినా దాని గుణమేమిటో, లోపమేమిటో నాకు తేటతెల్లమైంది ఆ నాలుగు రోజుల్లోనే.

మంచు హెచ్చరిక రాగానే జనం హడావిడిగా కొనేవి బ్రెడ్డు, పాలు, వేడి నీళ్లు పోస్తే చాలనిపించే ప్యాకెట్ తిండి. ఆ ప్యాకెట్లలో ఉప్పు ఎక్కువ, పీచు తక్కువ, ఖర్చు చూస్తే గింజల కంటే ఎన్నో రెట్లు. వంద గ్రాముల ఎండు శనగల్లో గాని రాజ్మాలో గాని సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కిలో గింజలు నాని ఉడికేసరికి రెండు కిలోలకు పైగా తూగుతాయి, ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి నిలవ ఉంటాయి. ఇంత చవకైన, బలమైన ఆహారం చాలా ఇళ్లలో డబ్బాలకే పరిమితమై ఉండడానికి కారణం ఒక్కటే, అవి ఉడకడానికి పట్టే సమయం, దానికి అయ్యే గ్యాసు. కుక్కరు తీర్చేది సరిగ్గా ఈ ఇబ్బందినే.

మూత బిగించాక ఆవిరి బయటికి పోలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీళ్లు, లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి రెట్టింపు అయ్యేసరికి దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పెరిగింది ఇరవై డిగ్రీలే అయినా, రాత్రంతా నానిన శనగలు ఒత్తిడి ఎక్కిన తరువాత 18 నిమిషాల్లో వేళ్ల మధ్య పెట్టి నొక్కితే నలిగేంత మెత్తబడ్డాయి. వాటిని నానబెట్టేటప్పుడు నీళ్లలో చెంచాడు ఉప్పు వేస్తే తొక్క త్వరగా మెత్తబడుతుంది. పులుపు మాత్రం ఉడికాకే వేయాలి, ముందే వేస్తే గింజ గట్టిగా ఉండిపోతుంది. మరీ పాతబడిన గింజల విషయంలో కుక్కరు కూడా ఏమీ చేయలేదన్నది రెండో రోజు నాకు అర్థమైంది. డబ్బా అడుగున ఏళ్ల తరబడి మిగిలిపోయిన రాజ్మాను 40 నిమిషాలు ఉడికించినా మధ్యలో పిండి పలుకు తగులుతూనే ఉంది.

రెండో రోజు సాయంత్రం కరెంటు పోయింది. వంటగదిలోనే ఉన్న కరెంటు మల్టీకుక్కరు, మీటలన్నీ ఎంత అందంగా ఉన్నా, ఆ క్షణం నుంచి ఉత్త గిన్నెతో సమానం. గ్యాసు పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి ఈ కుక్కరును ఎక్కించగలిగాం. మంచు ప్రాంతాల్లో ఉండేవారు పొయ్యి మీది కుక్కరునే ఎంచుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదే మొదటి కారణం. రెండో కారణం రాజ్మాకు సంబంధించింది. పచ్చి రాజ్మాలో కడుపును తీవ్రంగా బాధపెట్టే విషపదార్థం ఒకటి ఉంటుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గింజలను బాగా మరిగిస్తేనే అది నశిస్తుంది. సన్నని వేడి మీద గంటల తరబడి మగ్గబెట్టే స్లోకుక్కర్లలో గింజలకు అంత వేడి తగలకపోవచ్చు. కుక్కరు ఒత్తిడిలో ఆ భయం లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చలికి తాళలేక వంట పొయ్యిని గది వేడెక్కడానికి వెలిగించి ఉంచడం గాని, బొగ్గుల కుంపటిని ఇంట్లోకి తేవడం గాని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. మంట నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని వాయువు, ప్రాణం తీస్తుంది. తక్కువ సేపు మంట వాడే పాత్ర కావడం ఈ దృష్ట్యా కూడా మేలే.

మూడో రోజు నేను భయపడిన మాట నిజం. బఠాణీలు సగానికి కాస్త మించి వేశాను. పది నిమిషాలైనా వెయిటు కదలలేదు, అంతదాకా వినిపించిన సన్నని బుస కూడా ఆగిపోయింది. మంట ఆపి, దానంతటది పూర్తిగా చల్లారేదాకా ఆగి మూత తీసి చూస్తే, ఆవిరి గొట్టం నోటికి బఠాణీ తొక్క ఒకటి తడి కాగితంలా అతుక్కుని ఉంది. పప్పు దినుసులు నురగ కక్కుతాయి కాబట్టి కుక్కరు సగానికి మించి నింపకూడదని, చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుందని మాన్యువల్‌లోనే ఉంది. మూత పెట్టే ముందు ప్రతిసారీ ఆ గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపాన్ ఇటువంటి పాత్రను తయారుచేసిన తొలి రోజుల్లోనే దానికి సేఫ్టీ వాల్వు ఎందుకు అవసరమైందో ఆ పది నిమిషాల్లో నాకు బాగా తెలిసింది.

కూరగాయల విషయంలో ఈ కుక్కరును నేను మెచ్చుకోలేను. క్యారెట్, బంగాళదుంప ఫరవాలేదు. క్యాబేజీ మాత్రం రెండు నిమిషాలకే రంగు పోయి, నీరసించిన వాసన వేసింది. ఆకుకూరలనూ, ఫ్రీజర్‌లోని బఠాణీనీ మూత తీశాక ఆ వేడిలోనే కలపడం మంచిది.

ఒకసారి ఎక్కువగా వండుకుంటే గ్యాసు కలిసివస్తుంది గాని, వండినదాన్ని లోతు తక్కువ గిన్నెల్లోకి తీసి రెండు గంటల్లోపు చల్లని చోటికి చేర్చాలి. బయట అంత మంచు ఉంది కదా అని గిన్నెలను గుమ్మం ముందు పెట్టడం క్షేమం కాదు, ఎండ పడితే అక్కడి వేడి ఇట్టే మారిపోతుంది. మేము డబ్బాల్లో నీళ్లు పోసి బయట గడ్డకట్టించి, ఆ గడ్డలను కరెంటు లేని ఫ్రిజ్‌లో పేర్చుకున్నాం.

ఇక అసలు ఫిర్యాదు. నాలుగో రోజు ఉదయం మూత అంచు చుట్టూ ఆవిరి కారడం మొదలైంది. గాస్కెట్టు గట్టిపడి, వంచితే సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఒక్క పూటకు పనిచేసింది, మరుసటి పూటకు అదీ లేదు. ఏడాదికోసారి మార్చమని రాసి ఉన్నా నేను మార్చలేదు, ఆ తప్పు నాదే. అయితే దుకాణానికి వెళ్లలేని రోజుల్లోనే ఎక్కువ అక్కరకు వచ్చే పాత్రను అమ్ముతూ, పెట్టెలో రెండో గాస్కెట్టు పెట్టకపోవడం తయారీదారు చేసిన పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఆ రాత్రి అదే కుక్కరు మీద పళ్లెం మూసి మామూలు గిన్నెలా వాడితే, శనగలు ఉడకడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అవే శనగలు, అదే పొయ్యి.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ గాస్కెట్టుకే. దారి తెరుచుకోగానే రెండు కొన్నాను. ఒకటి మూతకు ఎక్కింది, రెండోది శనగల డబ్బా మీదే పెట్టాను.