ఒత్తులకు చోటు: మిద్దెతోట సైటు రూపం, నాలుగేళ్ల వాడకం తరువాత

2021 జూన్‌లో మిద్దెతోట అనుభవాలు రాసుకోవడానికి సొంతంగా ఒక సైటు మొదలుపెట్టాను. అంతకుముందు పదకొండేళ్లు విజయవాడలో డీటీపీ పని, అంటే అచ్చుకు వెళ్లే పేజీలు కంప్యూటర్‌లో కట్టే పని, చేసినవాణ్ణి. పేజీ కట్టడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదని ధీమా. డబ్బిచ్చి ఒక రెడీమేడ్ థీమ్, అంటే సైటుకు ముందే కుట్టిపెట్టిన రూపం, కొన్నాను. నమూనాలో ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. ముదురు ఆకుపచ్చ నేపథ్యం, తెల్లటి అక్షరాలు, గీత గీసినట్టు ఒకే ఎత్తున నిలబడిన పెట్టెలు. అక్కడున్నవన్నీ ఇంగ్లిషు అక్షరాలన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు.

మొదటి వ్యాసానికి "మట్టిలో సూక్ష్మపోషకాలు తగ్గితే చిగుళ్లు ఏం చెబుతాయి" అని శీర్షిక పెట్టాను. ఫోనులో అది మూడు వరుసలైంది. "సూక్ష్మ"లోని మ-ఒత్తు నేరుగా కింది వరుసలోని "చి" గుడి మీదికి దిగింది. డెబ్బై రెండేళ్ల మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, "అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయిరా" అంది. అంతకు మించిన సమీక్ష ఆ థీమ్‌కు నేను రాయలేను.

ప్రెస్సులో అక్షరానికి తగ్గ లీడింగ్, అంటే వరుసల మధ్య ఎడం, ఇవ్వడం నాకు నిద్రలో కూడా వచ్చిన పని. అదే మనిషిని, సైటు దగ్గరికి వచ్చేసరికి థీమ్ ఇచ్చిన కొలతలకు తల ఊపేశాను. వ్యాసంలో వరుసల ఎడం అక్షరం కొలతకు 1.4 రెట్లు, శీర్షికల్లో 1.1 రెట్లు ఉండేది. ఇంగ్లిషులో కిందికి దిగేది మహా అయితే ఒక తోక. మనకు కింద ఇంకో అక్షరమే వేలాడుతుంది, పైన తలకట్లూ గుడులూ నిలబడతాయి. రెండు నెలల పాటు పెంచుతూ తగ్గిస్తూ చివరికి వ్యాసానికి 1.75 దగ్గర, శీర్షికలకు 1.5 దగ్గర ఆగాను. అక్షరం 16 పిక్సెళ్ల నుంచి 20కి పెరిగింది. ఈ నాలుగేళ్లలో మళ్లీ ముట్టుకోని అంకెలు ఇవే.

ఫాంటు కోసం ఇంకా ఎక్కువ తిరిగాను. పోతన2000 అంటే నాకు పాత ప్రేమ, కానీ తెర మీద చిన్న కొలతలో సన్నబడినట్టు అనిపించింది. నోటో సాన్స్ తెలుగు శుభ్రంగా ఉంటుంది, లావూ సన్నమూ అన్నీ దొరుకుతాయి. వంకాయ గురించి రాసినా కరెంటు ఆఫీసు నోటీసులా కనిపించడం నా చాదస్తమే కావచ్చు. చివరికి సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ద్వారా వచ్చిన మండలి ఫాంటు దగ్గర స్థిరపడ్డాను. ఉచితం, సొంత సైటులో పెట్టుకోవడానికి లైసెన్సు అడ్డురాదు. గుండ్రటి అక్షరాలు, పత్రికలో చదివినట్టుండే పరిచయం. గంటసేపు చదివినా కన్ను అలసిపోదు. నా మార్కులు ఐదుకు నాలుగు.

ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందంటే, మండలి ఒక్క మందంలోనే ఉంది. లావు అక్షరం కావాలని అడిగితే బ్రౌజర్ ఉన్న అక్షరానికే ఇంకో పూత పూసి ఇస్తుంది. "థ"లోని చుక్క, "ఠ"లోని చుక్క పూడుకుపోతాయి. ఏడాదిపాటు పాఠకులకు అలాంటి అక్షరాలే పెట్టానని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ తరువాత వ్యాసం లోపల లావు అక్షరాలు పూర్తిగా మానేశాను. ఒత్తి చెప్పాల్సిన చోట ఇటుక రంగు వాడతాను. శీర్షికలకు రామభద్ర తెచ్చాను. పుట్టుకతోనే బలిసిన ఫాంటు అది, రెండు వరుసల వరకు దర్జాగా ఉంటుంది. మూడో వరుస వస్తే ఎన్నికల గోడరాతలా తయారవుతుంది. దాని పుణ్యమా అని శీర్షికలు కుదించి రాయడం నేర్చుకున్నాను.

థీమ్‌తో వచ్చిన అలంకారాలు ఒక్కొక్కటే పీకేశాను. శీర్షికలో అక్షరాల మధ్య ఎడం పెంచే ఏర్పాటు ఒకటి ఉండేది. ఇంగ్లిషు పెద్దక్షరాలకు అది హుందాతనం, తెలుగులో "మ ట్టి మి శ్ర మం" అని ఒకటో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదివినట్టుంది. ఉటంకింపుల్లో వాలు అక్షరాలు కూడా తీసేశాను, నిలబడడానికి పుట్టిన లిపిని పక్కకు తోసినట్టు ఉండేవి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే సోకు "శ్రావణం" దగ్గర పడిపోయింది.

రెండు అంచులూ సమానంగా కట్టడం మాత్రం వదలబుద్ధి కాలేదు. ప్రెస్సు అలవాటు మరి. కానీ ఫోను వరుసలో పట్టేవి నాలుగైదు మాటలు. "వేసుకోవాల్సివచ్చినప్పుడు" లాంటి మాట ఒకటి కింది వరుసలోకి జారిందంటే, మిగిలిన మూడు మాటల మధ్య ఎద్దులబండి పట్టేంత సందు. మూడో ఏడు ఎడమ అంచుకు లొంగిపోయాను. ఇప్పుడు కుడివైపు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆకుపచ్చ నేపథ్యం మొదటి వేసవిలోనే పోయింది. మిద్దె మీద ఎండలో నిలబడి, ఒక చేత్తో కత్తెర పట్టుకుని ఫోను చూసేవాళ్లకు తెల్ల అక్షరాలు కనిపించవు. నాకే కనిపించలేదు. లేత గోధుమ తెలుపు మీద దాదాపు నల్లటి అక్షరం పెట్టాక ఆ గొడవ తీరింది. పై మూలన మూడు గీతల బొమ్మ తీసేసి "అన్ని విషయాలు" అని రాశాను. ఆ గీతలు నొక్కాలని అమ్మకు అంతవరకు తెలియనే తెలియదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే నెలరోజులు ఫాంటునే తిట్టుకున్నాను. ముందు ఫోనులో ఉన్న అక్షరాలతో చూపించి, మండలి దిగాక మార్చే ఏర్పాటు చేశాను. మార్పు జరిగినప్పుడు వరుసలు ఒక్కసారి ఎగిరిపడతాయి, అది ఇప్పటికీ ఉంది. అయినా పేజీ నత్తనడక మానలేదు. తీరా చూస్తే మిరపలో ఆకుముడత అని నేను పెట్టిన ఫొటో ఒక్కటే ఆరు ఎంబీ ఉంది.

ఇన్నేళ్లయినా పట్టికలకు నా దగ్గర విరుగుడు లేదు. కూరగాయ, విత్తే నెల, ఎరువు, మోతాదు, ఎన్ని రోజులకోసారి అని ఐదు గడులు. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉంటాయి. ఫోనులో పక్కకు జరుపుకుంటూ పోతే చివరి గడికి వచ్చేసరికి మొదటి గడిలో ఏ కూరగాయ ఉందో మరిచిపోతాం. మొన్న ఊరికి వెళ్లినప్పుడు చూశాను, అమ్మ ఆ పట్టికను పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో రాసి మేడమెట్ల గోడకు అంటించుకుంది. వరుసల మధ్య రెండు వేళ్ల ఎడం వదిలింది.