డిగ్రీ లేనివాళ్లకు ది ఓడిన్ ప్రాజెక్ట్ పనికొస్తుందా?

ఇంటర్‌తో చదువు ఆపేసి వెబ్ డెవలపర్ అవుదామనుకునేవాళ్లకు మొదట చెప్పాల్సిన ఆన్‌లైన్ కోర్సు ది ఓడిన్ ప్రాజెక్ట్. పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కూడా ఇవ్వరు, కానీ దాన్ని లోటుగా చూడొద్దు. డిగ్రీ లేని రెజ్యూమేలో కోర్సు సర్టిఫికెట్ చూసి పిలిచేవాళ్లు అరుదు. నడుస్తున్న ప్రాజెక్టు లింకు ఉంటే మాత్రం తెరిచి చూసేవాళ్లు ఉంటారు. ఈ కోర్సు మొదటి వారాల నుంచే ఆ లింకులు తయారుచేయిస్తుంది.

ముందు ఫౌండేషన్స్ అనే పునాది భాగం, ఆ తర్వాత రెండు దారుల్లో ఒకటి: జావాస్క్రిప్ట్ లేదా రూబీ ఆన్ రెయిల్స్. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు జావాస్క్రిప్టే తీసుకోండి. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్, సర్వర్ వైపు కోడ్ నడిపే నోడ్ అందులో వస్తాయి.

చాలామంది వదిలేసేది ఇన్‌స్టలేషన్ దగ్గరే. నేరుగా విండోస్‌లో చేస్తామంటే కుదరదు. లినక్స్ గానీ మ్యాక్ గానీ ఉండాలి, లేదంటే విండోస్ మీదే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం) గానీ వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) గానీ పెట్టుకోవాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ జోలికి వెళ్లకండి, బ్రౌజర్, ఎడిటర్ రెండూ తెరిస్తే బిగుసుకుపోతుంది. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని జుబుంటు అనే తేలికపాటి లినక్స్ నేరుగా వేసుకోవడం నయం. ఇంకో జాగ్రత్త: కోడ్‌లో మార్పులు నమోదుచేసే గిట్‌కి ఇచ్చే ఈమెయిల్, ఆ కోడ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టే గిట్‌హబ్ ఖాతాలో ఉన్న ఈమెయిల్ ఒకటే అయ్యుండాలి. వేరైతే కోడ్ వెళ్తుంది గానీ ఏ రోజు పనిచేశారో చూపే పచ్చ గడులు ప్రొఫైల్‌లో పడవు. నెలల కష్టం చూసేవాళ్లకి కనపడకుండా పోతుంది.

అసలు విలువంతా ప్రాజెక్టుల్లో ఉంది. మౌస్ కదిపి బొమ్మలు గీసే పలక లాంటి ఎచ్-ఎ-స్కెచ్ ప్రాజెక్టులో 16×16 గడులు గీయాలి. గడికి బోర్డర్ పెట్టగానే వరుసలో చివరిది కిందికి జారిపోతుంది, ఎందుకంటే మీరిచ్చిన వెడల్పుకి బోర్డర్ మందం అదనంగా కలుస్తుంది. సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్)లో బాక్స్-సైజింగ్‌ని బోర్డర్-బాక్స్‌గా మారిస్తే సర్దుకుంటుంది. కొత్త సైజు ఇచ్చినప్పుడు పాత గడులు తీసేయకపోతే వాటి కిందే కొత్తవి పేరుకుంటాయి. కాలిక్యులేటర్ ప్రాజెక్టులో 2, 3 కలిపితే 23 వస్తుంది. స్క్రీన్ మీద నుంచి తీసుకున్నవి అంకెలు కావు, స్ట్రింగులు, అంటే అక్షరాలుగా ఉన్నవి. నంబర్‌గా మార్చాకే కూడాలి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చి పెట్టె దాటిపోతుంది, రౌండ్ చేయాలి. వీటికి జవాబు కాపీ కొట్టకండి. "ఈ బగ్ ఎలా పట్టుకున్నావ్?" అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలాలంటే సొంతంగా తిప్పలు పడి ఉండాలి.

కొరతలూ ఉన్నాయి. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో, ఎక్కువగా చదివేవే; తెలుగు వీడియోలకి అలవాటుపడ్డవాళ్లకి మొదట్లో భారంగా ఉంటుంది. సందేహాలకి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గ్రూపు ఉంది, కోడ్ చూపించి, ఎక్కడ ఆగిందో చెప్పి అడిగితే సాయం అందుతుంది. లింక్డ్ లిస్ట్, హ్యాష్ మ్యాప్, బైనరీ సెర్చ్ ట్రీ లాంటి డేటా స్ట్రక్చర్లు (డేటాని అమర్చే పద్ధతులు) రాయిస్తారు గానీ టైమ్ పెట్టి జరిపే కోడింగ్ టెస్టులకి అది చాలదు, విడిగా రోజుకో లెక్క చేయాలి. డిగ్రీ శాతం నింపకపోతే ముందుకు కదలని అప్లికేషన్ ఫారాల దగ్గర ఈ కోర్సు ఏమీ చేయలేదు. చిన్న ప్రొడక్ట్ కంపెనీలకి, స్టార్టప్‌లకి, తెలిసినవాళ్ల రిఫరల్‌తో, రెండు మూడు లైవ్ లింకులు పెట్టి నేరుగా మెయిల్ చేయండి.