డినాస్ బ్రాన్ ఎక్కడమా, కాస్టెల్ ఎ బెరె చూడడమా?

వేల్స్ కొండల్లో శిథిల దుర్గాల చెంత నడుస్తూ జియోకాచింగ్ (జీపీఎస్ సాయంతో, ఇతరులు దాచిన చిన్న డబ్బాలను వెతికే ఆట) చేయదలచినవారికి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం తేలిక కాదు. లాంగోలెన్ పట్టణానికి ఎగువన, సుమారు 320 మీటర్ల ఎత్తున నిలిచిన డినాస్ బ్రాన్‌ను 1277లో ఇంగ్లీషు సేన సమీపిస్తుండగా రక్షకులే తగులబెట్టారు. చివరి నిట్టనిలువు దారిలో మోకాళ్లు మొరాయించినా, విరిగిన కిటికీ కమానులోంచి డీ నది లోయ కనబడగానే ఆయాసమంతా మరచిపోతాము. కాడర్ ఇద్రిస్ పర్వతం చెంత, 1221 ప్రాంతంలో వేల్స్ పాలకుడు లవెలిన్ అప్ యోర్వర్త్ కట్టించిన కాస్టెల్ ఎ బెరెకు ఎక్కవలసినది తక్కువ; పిల్లలు వెంట ఉంటే అదే మేలు. అయితే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపడం మామూలే కనుక, డబ్బా దొరకలేదని ఎక్కడా గోడ రాళ్లను కదపరాదు. నాచు పట్టిన ఒక్క రాయి ఊడినా ఆ నష్టం పూడదు. నేనైతే డినాస్ బ్రాన్‌కే మొగ్గుతాను, మబ్బు లేని ఉదయమైతే మరీను.