ఆరు సీజన్లు వాడి చూసిన హైదరాబాద్ ఎఫ్‌సీ

ఓడిపోయే జట్టును అభిమానించడం నాకు పెద్ద కష్టం కాదు. ఓటమికి అలవాటు పడవచ్చు, దాని మీద జోకులు వేసుకోవచ్చు, వచ్చే వారం మళ్ళీ టికెట్ కొనుక్కోవచ్చు. అలవాటు పడలేనిది ఒక్కటే: జట్టు కూలిపోతుంటే, అందుకు కారణం కాని కోచ్‌ను మైకుల ముందు నిలబెట్టి యజమానులు కనిపించకుండా పోవడం. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మీద నా ఫిర్యాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) అంటే ఏమిటో, గచ్చిబౌలి స్టేడియానికి ఏ దారిన వెళ్ళాలో ఇది చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ క్లబ్బు 2025 అక్టోబరులో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయిందనీ మీకు తెలుసు. బజారులో లేని సరుకుకు సమీక్ష ఎందుకంటారా? రేపు ఇంకొక వ్యాపారి ఇంకొక చిహ్నంతో, ఇంకొక రంగు జెర్సీతో ఈ ఊరికి రాకపోడు. అప్పుడు పనికొస్తుంది.

మొదటి సీజన్ గురించి ఎక్కువ చెప్పను. 2019 అక్టోబరులో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో మొదలై, పట్టికలో అట్టడుగున ముగిసింది. మధ్యలో, 2020 జనవరిలో, కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపేశారు. అది సబబే అనిపించింది. ఇంగ్లండ్‌లో హల్ సిటీని నడిపిన పేరున్నా, పుణె నుంచి తరలివచ్చిన ఆ బృందంతో ఆయన ఏం చేయదలచుకున్నాడో చివరిదాకా నాకు అర్థం కాలేదు. తర్వాత పగ్గాలు పట్టవలసిన అల్బెర్ట్ రోకా, సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్ళిపోయాడు. బార్సిలోనా పిలిస్తే వెళ్ళవద్దని ఎవరంటారు?

ఆ ఖాళీలోకి 2020 ఆగస్టు చివర్లో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఈ క్లబ్బు మొత్తంలో నాకు నచ్చిన అంశం ఒక్కటి చెప్పమంటే ఆయన పేరే చెబుతాను. కోవిడ్ వల్ల రెండు సీజన్ల పాటు మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. గచ్చిబౌలిలో ఒక్కటీ లేదు. టీవీలో చూసే జట్టు మీద ఇంత ఇష్టం పుడుతుందని అనుకోలేదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్ళు తప్పు చేసినా మరుసటి మ్యాచ్‌లో మళ్ళీ వాళ్ళే కనిపించేవారు. మన దేశంలో కోచ్‌లకు ఆ ఓపిక తక్కువ, యజమానులకు ఇంకా తక్కువ. లిస్టన్ కొలాసో ఎడమ వైపు నుంచి లోపలికి దూసుకొస్తుంటే మా ఇంట్లో కుర్చీలు వెనక్కి జరిగేవి.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టాండ్స్ నిండా పసుపే, కానీ ఆ పసుపు మనది కాదు, కేరళ వాళ్ళది. తమాషా ఏమిటంటే మైదానంలో పసుపు జెర్సీ వేసుకున్నది మన జట్టు. ఆ రోజు కాగితం మీద ఆతిథ్య జట్టు హైదరాబాద్ కావడంతో బ్లాస్టర్స్ నల్ల జెర్సీలో దిగవలసి వచ్చింది. కేపీ రాహుల్ గోల్ కొట్టాక ఆట అయిపోయిందనుకున్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్ లోపలికి వెళ్ళింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒకటి తర్వాత ఒకటి ఆపేశాడు. 3-1. ఆ సీజన్‌లో బార్తలోమ్యూ ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. సయ్యద్ అబ్దుల్ రహీం నడిపించిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందని పెద్దవాళ్ళు చెబితే వింటూ పెరిగిన ఊరు ఇది. మా తరం కళ్ళారా చూసిన కప్పు మాత్రం ఇదొక్కటే.

ఆ రోజు యాజమాన్యాన్ని నేనూ చాలా పొగిడాను. మూడేళ్ళలో అట్టడుగు నుంచి కప్పు దాకా అంటే చిన్న విషయమా? ఇప్పుడు ఆ పొగడ్తను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, పక్కన కొన్ని సంగతులు చేర్చాలి. మార్కెజ్ తీర్చిదిద్దిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే పెద్ద క్లబ్బులకు వెళ్ళిపోయారు: 2021లో కొలాసో, 2022లో ఆశిష్ రాయ్, 2023లో ఆకాశ్ మిశ్రా. చిన్న క్లబ్బుకు అమ్ముకోవడం తప్పదు, సరే. కానీ ఆ తర్వాత బయటపడిన బకాయిల సంగతి వేరు. 2023లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఈ క్లబ్బు మీద కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధం పెట్టింది. ఆ బకాయిల్లో ఒగ్‌బెచేకు రావలసినవీ ఉన్నాయి. 18 గోల్స్ కొట్టిన మనిషి తన డబ్బు కోసం ఫిఫా గడప ఎక్కవలసి వచ్చిందంటే, అప్పటి చప్పట్లు ఇప్పుడు తలచుకుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చి జట్టు మళ్ళీ రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో రెండు అంచెల్లోనూ ఒక్క గోల్ పడలేదు. ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. సీజన్ అయ్యాక మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదు. జరగబోయేది ఆయన కంటికి ముందే కనిపించి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

అసలు కథ 2023-24. జీతాలు అందడం లేదన్న వార్తలు మొదలయ్యాయి. నిషేధం వల్ల కొత్తవాళ్ళు రాలేరు, డబ్బు లేక ఉన్నవాళ్ళు నిలవరు. జనవరి నాటికి విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు; బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. చింగ్లెన్సనా సింగ్, నిఖిల్ పూజారి, మొహమ్మద్ యాసిర్ వేరే క్లబ్బులకు మారారు. వాళ్ళను తప్పు పట్టే హక్కు నాకు లేదు. మనలో ఎవరం మూడు నెలలు జీతం రాకపోయినా నవ్వుతూ ఆఫీసుకు వెళతాం?

ఈ దశలో కోచ్ థాంగ్‌బోయి సింగ్టో. మణిపూర్ మనిషి, షిల్లాంగ్ లజాంగ్ క్లబ్బులో కుర్రాళ్ళను తయారుచేసిన పేరుంది, మార్కెజ్ పక్కన పనిచేశాడు. చేతిలో మిగిలింది జావో విక్టర్, అలెక్స్ సాజీ లాంటి కొద్దిమంది, రిజర్వ్ జట్టు నుంచి పైకి తెచ్చిన పిల్లలు. ఎదుటివాళ్ళ వైపు నలుగురు విదేశీయులు, మన వైపు ఒక్కడు. అయినా పదకొండు మందిని దించాడు. మ్యాచ్ అయ్యాక మైకులు పట్టుకుని అందరూ అడిగేది ఆయననే: జీతాలేమయ్యాయి, నిషేధం ఎప్పుడు తొలగుతుంది, క్లబ్బు ఉంటుందా పోతుందా? చెక్కు మీద సంతకం పెట్టే అధికారం లేని మనిషి, సంతకం పెట్టాల్సినవాళ్ళ తరఫున ప్రతి వారం జవాబు చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది అక్కడే. గోల్స్ పడుతున్నందుకు కాదు.

స్టాండ్స్‌లో పల్చగా ఉండేవాళ్ళం. మా అభిమానుల సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు డప్పులు మానలేదు. పాట ఆగితే మైదానంలో ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాటలు కూడా పైకి వినిపించేవి. అలాంటి సీజన్‌లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. మార్చిలో చెన్నైయిన్ మీద 1-0. గోల్ కొట్టింది సాజాద్ హుస్సేన్ పర్రే. తర్వాత ఎనభై నిమిషాలు వెనక్కి తగ్గి, బంతిని దొరికినంత దూరం తన్నేస్తూ, అడ్డంగా పడుతూ కాపాడుకున్నారు. ఆట అందంగా ఉందని ఎవరూ అనరు. ఆఖరి విజిల్ తర్వాత ఆ పిల్లలు పరుగెత్తిన తీరు చూశాక, కప్పు గెలిచిన రోజు కన్నా ఎక్కువ కదిలిపోయాను. సీజన్ మొత్తానికి ఎనిమిది పాయింట్లు. ఆ ఎనిమిదీ సింగ్టోవీ, ఆ పిల్లలవీ. యజమానుల ఖాతాలో ఒక్కటీ వేయను.

2024-25 సీజన్ ముంగిట బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. ఊపిరి పీల్చుకున్నాం. జట్టును మాత్రం ఆఖరి నిమిషంలో, పక్క క్లబ్బులన్నీ కొనుగోళ్ళు ముగించుకున్నాక కూర్చారు. సన్నాహానికి సమయం లేదు. అయినా సింగ్టో జట్టు అక్టోబరులో కోల్‌కతా వెళ్ళి మొహమ్మదన్‌ను 4-0తో కొట్టింది. నవంబరులో కొచ్చి వెళ్ళి కేరళను 2-1తో ఓడించింది, రెండు గోల్సూ ఆండ్రే అల్బావే. తర్వాత వరుసగా ఓడింది. డిసెంబరు 18న సింగ్టో వెళ్ళిపోయాడు.

డబ్బు లేని ఏడాది నౌకను ఒడ్డుకు లాగినవాణ్ణి, డబ్బు వచ్చిన ఏడాది మధ్యలో దించేశారు. రిజర్వ్ జట్టు కోచ్ షమీల్ చెంబకత్ బాధ్యత తీసుకున్నాక ఆట కాస్త కుదుటపడిందని ఒప్పుకుంటాను. కాబట్టి ఆ మార్పు ఆటపరంగా పూర్తిగా తప్పని వాదించలేను. నా బాధ వేరు. జట్టును ఆలస్యంగా కూర్చినందుకు ఎవరైనా పదవి వదిలారా?

అదే వారంలో కేరళ బ్లాస్టర్స్ కూడా తమ కోచ్ మికాయెల్ స్టారేను తొలగించింది. మా ఆఫీసులో త్రిశూర్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉన్నారు, బ్లాస్టర్స్ భక్తుడు. “మీ కోచ్ కూడా పోయాడటగా” అన్నాను. “పోయాడండీ. కానీ మావాళ్ళు కోచ్‌ను తిట్టడం లేదు, యాజమాన్యాన్ని తిడుతున్నారు. టికెట్లు కొనేది లేదన్నారు. మరి మీవాళ్ళు?” అన్నారాయన. జవాబు లేదు. బ్లాస్టర్స్ అభిమానుల సంఘం మంజప్పడ ‘టికెట్లు కొనం’ అంటే యజమానికి గుబులు పుడుతుంది, ఎందుకంటే వాళ్ళు వేలల్లో ఉన్నారు. మేము ‘కొనం’ అన్నా గచ్చిబౌలిలో పెద్ద తేడా కనిపించదు. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు హక్కు సభ్యులదే అని చదివి నిట్టూర్చడం తప్ప, మన ఫ్రాంచైజీ పద్ధతిలో అభిమాని చేతిలో ఉన్న ఓటు ఖాళీ కుర్చీ ఒక్కటే. ముందే ఖాళీగా ఉన్న చోట అదీ పనిచేయదు.

యజమానుల పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఐఎస్ఎల్‌లో క్లబ్బు నడపడం లాభసాటి వ్యాపారం కాదు. పుట్టిన మరుసటి ఏడాదే రెండు సీజన్లు సొంత మైదానం లేకుండా గడపడం ఏ క్లబ్బుకైనా దెబ్బే. అప్పుడే కొత్త జనాన్ని అలవాటు చేయవలసింది. ఈ ఊళ్ళో సాయంత్రం ఐపీఎల్ ఉంటే ఫుట్‌బాల్ వైపు చూసేవాళ్ళు తక్కువ. ఇవన్నీ నిజాలే. అయినా ఆటగాడి జీతం ఆపడానికి ఇవేవీ కారణాలు కావు.

అనుకోని ఆనందం ఒకటి చివర్లో దొరికింది. 2025 మార్చి 12, గచ్చిబౌలి, సీజన్‌లో ఆఖరి మ్యాచ్, ఎదురుగా మళ్ళీ కేరళ. మొదట్లోనే వాళ్ళు గోల్ కొట్టారు. విరామానికి కొంచెం ముందు మన సౌరవ్ కె. గోల్‌కు వీపు పెట్టి, గాలిలోకి లేచి బైసికిల్ కిక్ కొట్టాడు. బంతి లోపలికి వెళ్ళిందని నాకు అర్థమయ్యేలోపు నా చుట్టూ ఉన్న కేరళ అభిమానులు కూడా లేచి నిలబడ్డారు. అతనూ వాళ్ళ ఊరివాడే మరి. 1-1. జట్టు పన్నెండో స్థానంలో ముగించింది. ఆ గోల్‌ను ఇప్పటికీ ఫోనులో చూస్తుంటాను. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో ఇక్కడ జరిగిన ఆఖరి ఐఎస్ఎల్ మ్యాచ్ అదేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకొంతమందిని వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

తర్వాత క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీని నేను తిట్టను. 2019లో ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్ తీసుకెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. అదే ఏడాది పుణె సిటీ మూతపడితే ఆ చోటు మనకు దక్కింది. పుణె అభిమాని ఆనాడు ఏమనుకున్నాడో ఇప్పుడు ఊహించగలను. ఈ లీగులో ఊరు అద్దె ఇల్లు మాత్రమే.

నక్షత్రాలు ఇవ్వమంటే కోచ్‌లకు ఐదుకు నాలుగు: మార్కెజ్‌కు ఆట కోసం, సింగ్టోకు ఓర్పు కోసం. యాజమాన్యాలకు, రెండింటినీ కలిపి, ఒకటి. అదీ 2022 ముఖం చూసి. ఇది చందానగర్‌లో ఉంటూ, మ్యాచ్ అయిన అరగంటలో ఇల్లు చేరగలిగిన మనిషి తీర్పు. ఉప్పల్ నుంచో, ఎల్బీ నగర్ నుంచో వారం మధ్యలో వచ్చి అర్ధరాత్రి తిరిగి వెళ్ళినవాళ్ళు ఆ ఒక్కటీ ఇవ్వకపోవచ్చు. పిల్లలకు మొదటి జట్టుగా ఏది చూపించాలని అడిగితే, యజమాని ఎవరన్నది కాకుండా మైదానం ఎవరిదన్నది ముందు చూడమంటాను. ఈ ఊళ్ళోని ఇంకో ఫుట్‌బాల్ క్లబ్బు శ్రీనిధి డెక్కన్‌కు అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా ఉంది. నిజానికి వాళ్ళు కూడా మొదట విశాఖపట్నం పేరు మీద వచ్చినవాళ్ళే, కాబట్టి విశాఖ పాఠకులు నన్ను చూసి నవ్వుకోవచ్చు. ఔటర్ రింగు రోడ్డు మీదుగా మా ఇంటి నుంచి వాళ్ళ మైదానం మరీ దూరమేమీ కాదు. టికెట్ మ్యాచ్‌కు మ్యాచ్ కొంటాను, సీజన్ మొత్తానికి కొనను. జెర్సీ సంగతి తర్వాత ఆలోచిస్తాను.