కళింగపట్నం ఇసుకలో ఒక రాత్రి: పాలపుంత ఈ చివర, ఆ చివర

శివరాత్రి జాగారం అయిన మర్నాడు అమావాస్య. ఆ చీకటిని వదులుకోకూడదని ఈసారి మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని విజయనగరం నుంచి కళింగపట్నం వెళ్ళొచ్చాను. వాడు ఇంటర్ రెండో ఏడాది, ప్రాక్టికల్స్ టెన్షన్‌లో ఉన్నాడు, అయినా రెండు రోజులు బతిమాలి తీసుకెళ్ళాను. ఎందుకంటే ఫిబ్రవరిలో మన తీరం నుంచి ఒకే రాత్రిలో పాలపుంతని రెండు దిక్కులా చూడొచ్చు. రాత్రి ఎనిమిదింటికి నడినెత్తిన ఉండేది గెలాక్సీ బయటి అంచు వైపు, తెల్లవారుజామున నాలుగున్నరకి ఆగ్నేయంలో సముద్రం మీద లేచేది కేంద్రం. ఆ రెండు దిక్కుల్లో నక్షత్రాలు ఒకే సరుకుతో తయారు కాలేదు. వాడికి అది ఆకాశం కింద పడుకోబెట్టి చెప్పాలని నా కోరిక.

పొద్దున్న పాసింజర్ ఎక్కి ముందు గరివిడిలో దిగాం. మా బంధువులు అక్కడ ఉంటారు. వాళ్ళ కిటికీ గట్టు మీద ఏళ్ళ తరబడి ఒక మాంగనీసు రాయి పడి ఉంటుంది, గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టేది. పిడికెడే ఉంటుంది కానీ ఎత్తితే చెయ్యి కిందకి లాగుతుంది, పట్టుకుని వదిలితే వేళ్ళకి పొయ్యి మసిలా నల్లగా అంటుకుంటుంది. ఈ జిల్లాలో మాంగనీసు తవ్వకాలు 1890ల్లోనే మొదలయ్యాయి, గరివిడికి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది కూడా ఆ రాయి వల్లే. "ఇది నక్షత్రాల్లోంచే వచ్చిందా అత్తా?" అని వాడు అడిగాడు. అవును, అందులోనూ ఎక్కువ భాగం ఒక రకం పేలుడులోంచి. శ్వేత కుబ్జ తార, అంటే సూర్యుడి లాంటి నక్షత్రం చచ్చాక మిగిలే చిన్న, దట్టమైన గుండె, పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కునో, ఇంకో శ్వేత కుబ్జంతో కలిసిపోయో మొత్తంగా పేలిపోతుంది, దాన్ని టైప్ 1ఏ సూపర్‌నోవా అంటారు. మాంగనీసు, ఇనుము ఎక్కువగా వాటివే. ఆక్సిజన్, మెగ్నీషియం మాత్రం భారీ నక్షత్రాలు చచ్చేటప్పుడు వచ్చేవి. భారీ నక్షత్రం సుమారు ముప్ఫై లక్షల ఏళ్ళ నుంచి కొన్ని కోట్ల ఏళ్ళలోపే పేలిపోతుంది, శ్వేత కుబ్జాల సంగతి అలా కాదు, పది కోట్ల ఏళ్ళు, వంద కోట్లు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోరా, రాత్రికి పనికొస్తుంది అన్నాను.

గరివిడి నుంచి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి మధ్యాహ్నం చేరాం. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, టౌన్‌కి పన్నెండు కిలోమీటర్ల పైనే, స్టేషన్ బయటే బస్సులూ షేర్ ఆటోలూ దొరుకుతాయి. షేర్ ఆటో బాగానే ఉంది గానీ సామాను ఒళ్ళో పెట్టుకోవాలి, బైనాక్యులర్ ఉన్నవాళ్ళు బస్సే ఎక్కండి. దారిలో అరసవిల్లి. శివరాత్రి మర్నాడు కాబట్టి రద్దీ అంతగా లేదు, అరగంటలో దర్శనం అయిపోయింది. మార్చిలో, అక్టోబరులో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో వస్తే మాత్రం రోజంతా లైన్‌కే సరి.

సూర్యుడి గుళ్ళో నిలబడి సూర్యుడి ఒంట్లో ఏముందో తలుచుకోకుండా ఉండలేకపోయాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన మన గుంటూరే వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగుని వర్ణపటంలో, అంటే ఒక్కో మూలకం తన గీతలు చూపించే రంగుల పట్టీగా, విడదీసి చూశాడు. ఆ మంటల్లో కనిపించే పసుపు గీత సోడియంది కాదని, కొత్త మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు, అదే హీలియం. తర్వాత మేఘనాథ్ సాహా, వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లని ఎంత పోగొట్టుకుంటాయో చెబుతూ 1920లో ఇచ్చిన సమీకరణాన్ని వాడుకునే 1925లో సిసిలియా పేన్, నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజన్, తర్వాత హీలియం అని లెక్క తేల్చింది. సూర్యుడిలో మిగతా మూలకాలన్నీ కలిపినా బరువులో రెండు శాతం లోపే. ఖగోళ శాస్త్రవేత్తలు హీలియం కంటే బరువైన వాటన్నిటినీ లోహాలనే అంటారు, ఆక్సిజన్ కూడా వాళ్ళకి లోహమే. ఆ రెండు శాతం లోపు సరుకు గురించే ఈ యాత్ర అంతా.

ఇక బస సంగతి. ముందు ఆన్‌లైన్‌లో ఒక బీచ్ వ్యూ రిసార్ట్ బుక్ చేశాను, రాత్రికి 2,200. గది శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, ఆ మాట చెప్పాలి. కానీ లాన్‌లో నాలుగు ఫ్లడ్‌లైట్లు సముద్రం వైపే తిప్పి ఉన్నాయి. ఫోన్‌లో ముందే అడిగితే, తొమ్మిదికి ఆపేస్తామండీ అన్నవాళ్ళు అక్కడికెళ్ళాక, గెస్టులు భయపడతారు మేడమ్, కుదరదు అన్నారు. డబ్బు వెనక్కి రాదని కూడా చెప్పారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఏడాదికి నాలుగైదు మంచి రాత్రులు దొరుకుతాయి, అందులో ఒకటి ఇలా పోతుందా అని. సామాను తీసుకుని బయటికొచ్చి టీ కొట్టు దగ్గర విషయం చెప్తే, ఆ టీ కొట్టాయన వాళ్ళ పిన్ని గారి డాబా చూపించాడు. మత్స్యకారుల ఇల్లు, పైన సిమెంటు డాబా, రెండు నవారు మంచాలు, కింద బాత్రూము, బోరు నీళ్ళు. రాత్రికి 600 ఇచ్చాం, అందులోనే చేపల పులుసు భోజనం కూడా. దుప్పట్లు కాస్త తడివాసన, దోమలు విపరీతం, ఓడోమాస్ లేకుండా వెళ్ళకండి. కానీ ఆమె మేం అడక్కముందే వీధి వైపు బల్బు తీసేసింది. ఇద్దరమే ఆడమనిషీ కుర్రాడూ రాత్రంతా ఇసుకలో ఉంటామంటే, ఆమె వాళ్ళ మరిదిని తోడు పంపింది. ఆ రాత్రికి అంతకంటే మంచి సర్వీసు నాకు ఎవరూ చెయ్యలేరు.

వెలుతురు ఉండగా నది సముద్రంలో కలిసే వైపు నడిచాం. అలలు వెనక్కెళ్ళాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి, వాటి పక్కనే లేత ఎరుపు పొడి. నలుపు ఇల్మనైటు, ఎరుపు గార్నెట్, ఇందులోనే కాస్త మోనజైటు కూడా ఉంటుంది, దాన్లో థోరియం. వీధిలో పిల్లాడొకడు పాత స్పీకర్ అయస్కాంతాన్ని దారానికి కట్టి ఇసుకలో ఈడుస్తూ, దానికి నల్లటి మీసాలు మొలిచాయని మాకు తెచ్చి చూపించాడు. అది ఇనుము ఉన్న ఖనిజం. థోరియం లాంటి బరువైనవి తయారయ్యే ఒక ముఖ్యమైన చోటు న్యూట్రాన్ నక్షత్రాలు (భారీ నక్షత్రాలు పేలాక మిగిలే అతి దట్టమైన గుండెలు) ఢీకొనడం, 2017 ఆగస్టు 17న అలాంటి ఢీనే శాస్త్రవేత్తలు గురుత్వ తరంగాల్లోనూ వెలుగులోనూ కలిపి పట్టుకున్నారు.

ఎనిమిదింటికి లైట్‌హౌస్‌కి దూరంగా వెళ్ళి పడుకున్నాం. నెత్తి మీద వృషభం కొమ్ము చివరి చుక్క, దాని దగ్గరే గెలాక్సీ కేంద్రానికి సరిగ్గా వ్యతిరేక దిక్కు. కొంచెం దక్షిణంగా ఆరుద్ర, మృగశిర, పడమరకి వాలుతూ పిల్లలకోడి. 10×50 బైనాక్యులర్‌లో ఒరియన్ నెబ్యులా, అంటే నక్షత్రాలు పుట్టే వాయు మేఘం, ఊపిరి వదిలిన ఆవిరిలా కనిపించింది, 1,350 కాంతి సంవత్సరాల దూరం. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి: కంటికి కనిపించే చుక్కలు దాదాపు అన్నీ మన చుట్టుపక్కలవే, కాబట్టి లోహాల తేడా కంటికి తెలియదు, దిక్కు మాత్రమే తెలుస్తుంది. తేడా వర్ణపటంలో తెలుస్తుంది. అలాంటి నెబ్యులాలనే ఎం33, ఎం101 లాంటి వేరే గెలాక్సీల్లో కొలిచి, లోపలి నుంచి బయటికి పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతోందని 1971లో లెనార్డ్ సర్ల్ చూపించాడు. మన పాలపుంతలోనూ అంతే, కేంద్రం నుంచి ప్రతి 3,260 కాంతి సంవత్సరాలకి ఇనుము సుమారు 13 శాతం చొప్పున తగ్గుతుంది. సూర్యుడున్న చోటు కేంద్రానికి 26 వేల కాంతి సంవత్సరాలు, ఇక్కణ్ణించి బయటికి ఇంకో 16 వేలు వెళ్తే ఇనుము సగమే.

ఎందుకలా అంటే మన వంశధార కాలువే గుర్తొస్తుంది. తూము దగ్గర పొలానికి నీళ్ళు ముందూ వస్తాయి, ఎక్కువా వస్తాయి, అక్కడ పంట మీద పంట. శివారు ఆయకట్టుకి చేరేసరికి కాలం అయిపోతుంది. గెలాక్సీ పళ్ళెంలో కూడా లోపల వాయువు దట్టం, నక్షత్రాలు ముందు పుట్టి, పేలి, ఆ బూడిదలోంచే మళ్ళీ పుట్టాయి. శివారులో తరాలు తక్కువ, పైగా బయటి నుంచి కొత్త హైడ్రోజన్ వచ్చి పడి ఉన్న సరుకుని పలచన చేస్తుంది.

పొద్దున్న చెప్పిన ఆలస్యం ఇక్కడ కలుస్తుంది. పాత నక్షత్రాలు పుట్టేనాటికి భారీ నక్షత్రాల మెగ్నీషియం ఉంది, శ్వేత కుబ్జాల ఇనుము ఇంకా రాలేదు. అందుకే మందపాటి పళ్ళెంలో, అంటే గెలాక్సీ పళ్ళేనికి పైకీ కిందకీ ఎక్కువగా పరుచుకున్న పొరలో, ఉండే ముసలి నక్షత్రాల్లో ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువ, మాంగనీసు తక్కువ. ఆ మందపాటి పళ్ళెం ఉందని 1983లో గిల్మోర్, రీడ్ చెప్పారు. ఇప్పుడు ఆస్ట్రేలియా టెలిస్కోపుతో చేసిన గాలా సర్వే తొమ్మిది లక్షలకు పైగా నక్షత్రాల వర్ణపటాలు తీసింది.

మధ్యలో ఆ మరిది వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ పిన్ని గారబ్బాయి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికెళ్ళాడట, ఈ వీధిలో సగం మంది అంతే. అప్పుడు మా మేనల్లుడికి అసలు విషయం చెప్పాను. నక్షత్రాలూ వలస పోతాయిరా. గెలాక్సీ పళ్ళెంలో చుట్టలు తిరిగి ఉండే చేతుల లాగుడికి పుట్టిన చోటు వదిలి లోపలికో బయటికో జరిగిపోతాయి, కక్ష్య గుండ్రదనం పెద్దగా చెదరకుండానే జరగొచ్చని 2002లో సెల్‌వుడ్, బిన్నీ లెక్కగట్టారు. సూర్యుడికి తన ఈడు చుట్టుపక్కల నక్షత్రాల కంటే లోహాలు కాస్త ఎక్కువ, అందుకే 460 కోట్ల ఏళ్ళ కిందట ఇంకా లోపలెక్కడో పుట్టి ఇటొచ్చి ఉండొచ్చని చాలామంది అంటున్నారు. హైదరాబాద్ బస్టాండులో ఎవరో "ఏటి, ఎక్కడికెల్తన్నావు" అంటే మనోడే అని తిరిగి చూస్తాం కదా, అలాగే నక్షత్రం ఎంత దూరం పోయినా దాని యాస దాని వర్ణపటంలో ఉండిపోతుంది. వాడేం మాట్లాడలేదు, చాలాసేపు పైకే చూస్తూ ఉన్నాడు.

నాలుగున్నరకి అలారం. వృశ్చికం తోక లేచి ఉంది, మూలా నక్షత్రానికి ఎడమ పక్కగా పాలపుంత లావెక్కి, పిండి చల్లినట్టు సముద్రం మీద వంగింది. అదే కేంద్రం దిక్కు, మధ్యలో ధూళి వల్ల అసలు కేంద్రం కనపడదు. పరారుణంలో చూసే అపోజీ సర్వే ఆ ధూళిని దాటి చూసింది. లగూన్ నెబ్యులా బైనాక్యులర్‌లో దొరికింది. అయిదుంబావుకల్లా తూర్పు తెల్లబడటం మొదలైంది.

"ఏటమ్మా, రాత్రంతా నిద్దర నేదా, సుక్కల్లో ఏటున్నాది?" అంటూ పిన్ని గారు చోడంబలి, ఉల్లిపాయ తెచ్చి పెట్టింది. ఈ చోళ్ళలో ఉన్న కాల్షియం కూడా అక్కడిదే పిన్నీ అని మావాడు చెప్పడం మొదలెట్టాడు. ఆమె చాట పక్కన పెట్టి కూర్చుని విన్నది.

మళ్ళీ వెళ్ళేవాళ్ళకి: మే నెల అమావాస్య అయితే కేంద్రం అర్ధరాత్రి దాటాక బాగా పైకొస్తుంది, కానీ ఉక్కపోత, మబ్బు రెండూ ఉంటాయి. చలి, పొడిగాలి ఉన్న ఫిబ్రవరే నాకు నచ్చింది. రిసార్టుల్లో దిగేవాళ్ళు లైట్ల సంగతి ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా అడగండి. ఆఖరి బస్సు పోయాక ఆటో దొరకదు. ఇసుక ఒక్క గుప్పెడు తప్ప తీసుకురాకండి. గరివిడి రాయిని మాత్రం మా బంధువులు వాడికే ఇచ్చేశారు.