క్యాన్సర్‌ను చంపే వైరస్‌కు ఏ చికిత్స తోడైతే మేలు?

క్యాన్సర్ కణాల్లో పెరిగి, వాటిని పగలగొట్టి బయటకు వచ్చే ఆంకోలిటిక్ వైరస్ ఒంటరిగా ఎంత దూరం వెళ్లగలదో టీ-వెక్ అనుభవం చెబుతుంది. పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ నుంచి కొన్ని జన్యువులను తొలగించి, రోగనిరోధక కణాలను రప్పించే జీఎం-సీఎస్‌ఎఫ్ జన్యువును చేర్చి తయారుచేసిన ఈ మందును మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డల్లోకి నేరుగా ఎక్కిస్తారు. 2015 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిని ఆమోదించింది. 436 మందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలలైనా నిలిచిన స్పందన (గడ్డ తగ్గడం) 16.3 శాతం మందిలో కనిపించగా, జీఎం-సీఎస్‌ఎఫ్ మాత్రమే తీసుకున్నవారిలో అది 2.1 శాతమే. తేడా పెద్దదే అయినా, ప్రతి ఆరుగురిలో ఐదుగురికి ఆ మేలు అందలేదు. అందుకే వైరస్‌కు తోడు వెతకవలసి వచ్చింది.

తోడుగా అందరికంటే ముందు ఆమోదం పొందినది కీమోథెరపీ. చైనా 2005లో ఆమోదించిన హెచ్101 అనే అడినోవైరస్‌ను తల, మెడ క్యాన్సర్లలో సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ మందులతో కలిపి ఇచ్చినప్పుడు 78.8 శాతం మందిలో గడ్డ తగ్గింది. కీమో మాత్రమే తీసుకున్నవారిలో 39.6 శాతం. అయితే గడ్డ కుంచించుకుపోవడమూ ఆయుష్షు పెరగడమూ ఒకటి కావు. పైగా ఈ జంటకు రెండు ముఖాలున్నాయి: వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల ఉత్పత్తిని కొన్ని కీమో మందులు తగ్గిస్తాయి, కానీ వైరస్ మేల్కొలిపిన తెల్ల రక్తకణాలను కూడా అవే దెబ్బతీయగలవు.

రేడియేషన్ గురించి చెప్పవలసింది తక్కువ. జపాన్ 2021 జూన్‌లో షరతులతో ఆమోదించిన జీ47డెల్టా అనే హెర్పిస్ వైరస్‌ను, రేడియేషన్, టెమోజోలోమైడ్ (కీమో మందు) చికిత్సల తరువాత మిగిలిన లేదా తిరిగి పెరిగిన గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న 19 మందిలో పరీక్షించగా, 84.2 శాతం మంది ఏడాది తరువాత జీవించి ఉన్నారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ పోల్చి చూడడానికి మరో బృందం లేదు. అక్కడ రెండు చికిత్సలూ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయే తప్ప కలిసి నడవలేదు.

సిద్ధాంతపరంగా అన్నిటికంటే బలమైన తోడు ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక వ్యవస్థనే క్యాన్సర్‌పైకి పంపే చికిత్స. వైరస్ సోకిన కణం చనిపోతూ తన లోపలి ప్రోటీన్లను బయటపెడుతుంది, ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ విడుదలవుతుంది, అంతవరకు రోగనిరోధక కణాలు అడుగుపెట్టని గడ్డలోకి క్యాన్సర్‌ను చంపగల టీ-కణాలు చేరతాయి. కానీ అదే ఇంటర్‌ఫెరాన్ వల్ల క్యాన్సర్ కణాలపై పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ పెరిగి, వచ్చిన టీ-కణాలను నిలిపివేస్తుంది. ఇలాంటి బ్రేకులను తీసేసేవే చెక్‌పాయింట్ మందులు; ఇపిలిముమాబ్, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఈ కోవవే. ఒకరి లోటును మరొకరు పూడ్చే జంట ఇది. మొదట ఫలితాలూ అలాగే వచ్చాయి: 198 మంది మెలనోమా రోగుల పరీక్షలో ఇపిలిముమాబ్‌కు టీ-వెక్ చేరిస్తే స్పందన 18 నుంచి 39 శాతానికి పెరిగింది, పెంబ్రోలిజుమాబ్‌తో 21 మందిపై చేసిన చిన్న పరీక్షలో అది 62 శాతం. అయితే 692 మందితో జరిగిన పెద్ద పరీక్షలో, పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే తీసుకున్నవారితో పోలిస్తే టీ-వెక్ కలిపినవారిలో జబ్బు ముదరకుండా నిలిచిన కాలం గణాంకపరంగా చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. ఈ ఫలితం ఎంత నిరాశ కలిగించినా దాన్ని దాటవేయకూడదు. పోలిక బృందం లేని చిన్న పరీక్షల అంకెలను నమ్మి రోగికి మాట ఇవ్వడం ఎంత ప్రమాదమో అది స్పష్టం చేసింది.

నా అంచనాలో ఇమ్యునోథెరపీతో వైరస్‌ను కలపడానికి సరైన చోటు, ఆ మందు అప్పటికే విఫలమైన రోగి. పీడీ-1 మందులకు (పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటివి) లొంగని మెలనోమా ఉన్న 140 మందిలో ఆర్‌పీ1 అనే హెర్పిస్ వైరస్‌ను నివోలుమాబ్‌తో ఇచ్చినప్పుడు దాదాపు మూడో వంతు మంది స్పందించారు. ఆ పరీక్ష తగినంత నియంత్రణతో లేదని 2025 జూలైలో ఎఫ్‌డీఏ ఆమోదం ఇవ్వలేదు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా విఫలమైన మందునే తిరిగి ఇస్తూ వైరస్ చేర్చినప్పుడు వచ్చిన స్పందన కనుక ఘనత చాలావరకు వైరస్‌దే అనుకోవడం సబబు.

శస్త్రచికిత్స సంగతి వేరు. 150 మంది మెలనోమా రోగుల్లో, ఆపరేషన్‌కు ముందు టీ-వెక్ తీసుకున్నవారిలో రెండేళ్లపాటు జబ్బు తిరగబెట్టనివారు 29.5 శాతం, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో 16.5 శాతం. గడ్డ ఇంకా ఒంట్లో ఉన్నప్పుడే టీ-కణాలకు దానిని చూపించడం ఇక్కడి తర్కం. అయితే ఆపరేషన్‌కు ముందు పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టడం మేలని ఆ తరువాత తేలింది కనుక, ఇప్పుడు వైరస్ ఆ మందుతోనే పోటీపడవలసి ఉంటుంది.

వరుస కూడా లెక్కలోకి వస్తుంది. కాలేయ క్యాన్సర్‌లో ముందు పెక్సా-వెక్ అనే వైరస్, తరువాత సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు ఇచ్చిన పరీక్షను ప్రయోజనం కనబడక 2019లో ఆపివేశారు. వైరస్ కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో రోగికి సోరాఫెనిబ్ అందలేదన్నది గమనించాలి. రోగి వాడే ఇతర మందులనూ చూడాలి: ఎసిక్లోవిర్ వంటి హెర్పిస్ నిరోధక మందులు టీ-వెక్ ప్రభావాన్ని తగ్గించగలవు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గర్భిణులకు ఆ వైరస్ ఇవ్వకూడదు.