రాయలవారిని తీరిగ్గా చూడాలంటే ముందు చంద్రగిరి

తిరుమలలో మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. రాయలవారు బతికుండగా, 1517లో తానే చేయించి పెట్టించుకున్న విగ్రహాలవి. ఆయన పోలిక తెలుసుకోవడానికి నేనైతే వీటినే ఎక్కువగా నమ్ముతాను. కానీ దర్శనం వరసలో ఆగే వీలెక్కడ? వెనకనుంచి జనం తోసుకొస్తుంటారు, మెడ తిప్పేలోపే మండపం దాటిపోతుంది. ఫోన్లు ఎలాగూ లోపలికి తీసుకెళ్లనివ్వరు.

అందుకే కొండెక్కే ముందు చంద్రగిరి వెళ్లమంటాను. తిరుపతి నుంచి బస్సులు నడుస్తూనే ఉంటాయి. రాజమహల్‌లో పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. అక్కడ దర్బారు హాల్లో ఈ విగ్రహాల నకళ్లు పెట్టారు. ఎంతసేపు నిలబడినా అడిగేవారు లేరు. పైగా కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టిన మహల్, మందపాటి గోడలు. ఎండపూట కూడా హాయిగా ఉంటుంది.

రాయలవారి తలమీద పొడుగాటి కుళ్లాయి చూడండి. ఒంటిమీద పైబట్ట లేదు, మెడలో హారాలు, సన్నటి నడుము. 1520 ప్రాంతంలో ఆయన్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ మాత్రం మధ్యరకం ఎత్తు, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖాన మశూచి మచ్చలు అని రాశాడు. విగ్రహంలో ఆ మచ్చలు లేవు, ఒళ్లూ లేదు. స్వామి ఎదుట నిలబడ్డ భక్తుడిగా రాజు ఎలా కనబడాలనుకున్నాడో శిల్పి అలాగే మలిచాడని నాకనిపిస్తుంది. అసలు విగ్రహాల భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి ఎవరెవరన్న పేచీ లేదు. చేసినవాడి పేరు మాత్రం వాటిమీద లేదు. ఫలానా శిల్పి పని అని ఎవరైనా గట్టిగా చెబితే ఆధారమేంటని తప్పక అడగండి. అంత గొప్ప చేతికి ఊహించిన పేరు తగిలించడం అన్యాయం.

బస సంగతి. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం దేవస్థానం వారివే. ముందే ఆన్‌లైన్‌లో గది దొరికితే ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. మాకు దొరక్క ఒక ప్రైవేటు లాడ్జీలో దిగాం. ఫోన్లో ఒక రేటు చెప్పి, సామాను దించాక ఇంకో రేటు అడిగారు. పిల్లలతో ఆ రాత్రివేళ అనవసరమైన టెన్షన్. రేటు మెసేజ్‌లో రాయించుకోండి.

తిరుమలలో ధ్వజస్తంభం దగ్గర్లో తోడరమల్లు విగ్రహాలూ ఉన్నాయి. పేరు కలిసింది కదా అని అక్బరు మంత్రే అనేస్తుంటారు. ఆయన 1589లోనే పోయాడు. ఈయన 18వ శతాబ్దంలో ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్ దగ్గర పనిచేసిన లాలా ఖేమరాము. ఆ వరసలో నిలబడి పేర్లు చదివే వీలుండదు, ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి.